శాంతంగారి అసంతృప్తి

సోమవారం పొద్దున మేనేజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికల్లా ఆఫీసు చేరడం, పేరుకుపోయిన సెలవు చీటీల మీద సంతకాలు పెట్టడం, సరిగ్గా అయిదింటికి బయటపడి భార్యతో కలిసి కిటికీ తెరలు కొనడం. ఆ తెరల వ్యవహారం ఏడు వారాలుగా నలుగుతోంది. ఎదురింటావిడ కూడా "ఇంకా కొనలేదా?" అని అడగడం మొదలుపెట్టింది.

కాఫీ తాగుతూ ఫోను తెరవడమే ఆయన చేసిన తప్పు. పెద్దాఫీసు నుంచి ఒక సర్క్యులరు వచ్చి ఉంది. "ఉద్యోగుల్లో అసంతృప్తిని ముందుగా పసిగట్టడం ఎలా?" అని దానికి పేరు. కింద పదకొండు లక్షణాలు, ఒక్కోదాని పక్కన టిక్కు పెట్టడానికి ఒక గడి. ఏ మనిషికైనా అయిదు టిక్కులు దాటితే, తీసుకున్న చర్యలతో సహా శుక్రవారంలోగా తెలియజేయాలట.

"గట్టిగా చదవండి, నేనూ వింటాను" అంది భార్య.

ఆయన చదివాడు. నలుగురితో కలవకపోవడం. అస్తమానం గడియారం చూసుకోవడం. అడిగితే తప్ప నోరు విప్పకపోవడం. మాట్లాడుతుంటే మధ్యలో లేచిపోవడం. ఆయన ఇంకా ఆరో లక్షణానికి రాకముందే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇవన్నీ ఇంట్లో మీకున్నాయి. మరి నేనెవరికి తెలియజెయ్యాలి?"

మరోరోజైతే నవ్వేవాడే. కానీ ఆయన గుండెల్లో అప్పటికే ఒక రాయి ఉంది. ఆయన పనిచేసేది వాషింగ్ మెషిన్లు, ఫ్యాన్లు తయారుచేసే కంపెనీవారి సర్వీసు కేంద్రంలో. మందుల దుకాణం పైన రెండు గదులు, ఆరుగురు మనుషులు. ఏడాది మొదట్లో ఎనిమిదిమంది ఉండేవారు. మూడో మనిషి కూడా రాజీనామా చేస్తే కేంద్రాన్ని మూసేసి, దూరాన ఉన్న వేరే ఊరి కేంద్రంలో కలిపేస్తామని పెద్దాఫీసు కాగితం మీద పెట్టి మరీ చెప్పింది. అందుకని ఆ సర్క్యులరును ఆయన మందుచీటీ చదివినంత శ్రద్ధగా చదువుకుని, బయల్దేరి, దారిలో కాగితం మీద అచ్చు తీయించి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కామెర్ల రోగికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. సర్క్యులరు చదివినవాడికి లోకమంతా రాజీనామాకి సిద్ధంగా కనిపిస్తుంది. మిగతా వాళ్ళలో తలా ఒకటో రెండో టిక్కులు తేలాయి. ఆయన గుండె గుభేలుమన్నది మాత్రం శాంతంగారి దగ్గరికి వచ్చేసరికి.

శాంతంగారి అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది, ఇంకెక్కడా ఉండదు. ఇరవై ఆరేళ్ళుగా ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చుని ఒక్కసారి కూడా గొంతు పెంచని మనిషి కాబట్టి ఆ పేరు వచ్చింది. మెషిన్ కారి ఇల్లంతా నీళ్ళయ్యాయని ఒకాయన తడిచొక్కా తెచ్చి ఆ బల్ల మీదే పిండితే, "కూర్చోండి, తలైనా తుడుచుకోండి" అని తువ్వాలు అందించాడట. ఏ మెషినుకి ఏ భాగం సరిపోతుందో, ఏ వీధిలో ఏ మెకానిక్కుకి కుక్కలంటే భయమో, అన్నీ ఆయన తలలోనే ఉంటాయి. మూడేళ్ళ కిందట కొత్తగా వచ్చిన మేనేజరుకి పని నేర్పింది కూడా ఆయనే, నేర్పుతున్నట్టు తెలియకుండా.

అలాంటి మనిషి ఒంటిగంట కొట్టగానే ఎవరితోనూ కలిసి తినకుండా మెట్లు దిగి వెళ్ళిపోతున్నాడు. అయిదింటికి కలం మూత పెడుతున్నాడు. అన్నిటికంటే ఘోరం, ఆయన బల్ల ఖాళీ అవుతోంది. ఇత్తడి గంట లేదు. అరిగిపోయిన పాత రబ్బరు స్టాంపు లేదు. కుర్చీలో ఉండే పూల దిండు లేదు. మేనేజరు చూస్తుండగానే సాయంత్రం ఆయన పాత గులాబీరంగు చీటీల కట్టనొకదాన్ని చేతిసంచిలో పెట్టుకున్నాడు.

"అవి చిత్తు కాగితాలే కదండీ, తీసుకెళ్ళనా సార్?" అని అడిగి మరీ పెట్టుకున్నాడు.

"తీసుకోండి, తీసుకోండి" అన్నాడు మేనేజరు. 'స్వంత వస్తువులు ఇంటికి తరలించడం' అన్న గడిలో టిక్కు కూడా పెట్టాడు. ఆ సాయంత్రం తెరలు కొననేలేదు.

మంగళవారం పదకొండు దాటాక టైపిస్టు తలుపు తోసుకుని వచ్చింది. ఆ అమ్మాయిని ఆఫీసంతా రేడియో అంటారు. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

"సార్, శాంతంగారు అరుస్తున్నారు!"

"ఎవరు?"

"శాంతంగారే సార్! మెట్ల దగ్గర, ఫోనులో. రోజూ పదకొండింటికీ మూడింటికీ వెళ్తున్నారు, నేను కనిపెడుతూనే ఉన్నాను. ఇవాళ విన్నాను. బాబోయ్, ఏం తిట్లు సార్ అవి!"

మూడింటికి మేనేజరు స్వయంగా వెళ్ళి మంచినీళ్ళ డబ్బా వెనక నక్కాడు. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆ వయసులో ఆయన మోకాళ్ళ మీద కూర్చుని విన్నాడు. మెట్ల మలుపు దగ్గర శాంతంగారు గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

"మూడు నెలలుగా చెప్తున్నాను! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది! మనిషిని మనిషిగా చూడరా మీ కంపెనీలో? ఇంక నావల్ల కాదు, ఇవాళ అటో ఇటో తేలిపోవాలి!" కాసేపు అవతలివాళ్ళు చెప్పేది విన్నాడు. తర్వాత ఆయన గొంతు మెత్తబడింది. "అలాగేనండీ... అలాగే. మీరింత చెప్పాక ఇంకేముంది. మీ మాట మీద ఆగుతాను. మళ్ళీ రేపు మాట్లాడతాను."

మేనేజరుకి అంతా అర్థమైపోయింది. అర్థమైపోయిందని అనుకోవడమే ఈ కథకి మూలం. ఇంకో కంపెనీవాళ్ళతో బేరం నడుస్తోంది, వాళ్ళు ఆశ పెడుతున్నారు, ఈయన ఆగుతున్నాడు. ఆగేది ఎంతకాలం? ఆయన వెళ్ళిపోతే మూడో రాజీనామా. మిగిలిన అయిదుగురు ఇళ్ళూ పిల్లల బడులూ వదిలి ఎక్కడో దూరం ఊరికి పోవాలి. అదొక ఎత్తు. శాంతంగారు లేని ఆ బల్లను తలుచుకుంటే ఆయనకి ఎందుకో చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చింది, అదొక ఎత్తు.

సర్క్యులరు రెండో పేజీలో చర్యలున్నాయి. మొదటిది 'పనిచేసే చోట సౌకర్యం'. బుధవారం పొద్దున చక్రాల కుర్చీ వచ్చింది. నల్లగా, ఎత్తుగా, మెడకి కూడా ఆసరాతో. శాంతంగారి పాత కర్రకుర్చీకి ఒక కాలు తీగతో కట్టి ఉండేది. దాన్ని పాతసామాన్లవాడు అప్పటికే పట్టుకుపోయాడు. శాంతంగారు వచ్చి ఆ కొత్త కుర్చీని చూసి నిలబడిపోయాడు.

"నా కుర్చీ... ఎక్కడికి పంపారు సార్?"

"పాతసామాన్లవాడికి ఇచ్చేశాం. ఇంక మీకు దాని బాధ లేదు!"

శాంతంగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కృతజ్ఞత అనుకున్నాడు మేనేజరు. 'చర్య ఫలించింది' అని రాసుకుని హాయిగా కాఫీ తెప్పించుకున్నాడు. నాలుగింటికి బ్యాంకు పని మీద వెళ్ళిన రేడియో రొప్పుతూ వచ్చింది.

"సార్! శాంతంగారు మూడున్నరకి అరగంట పర్మిషను అడిగారు చూడండి, ఎందుకనుకున్నారు? పాతసామాన్ల కొట్లో ఆ కుర్చీని కొనుక్కుని, నెత్తిన పెట్టుకుని వీధిలో నడిచిపోతున్నారు!"

"కుర్చీ కూడానా!" అన్నాడు మేనేజరు. కాఫీ చల్లారిపోయింది.

ఇక మిగిలింది రెండో చర్య, 'మనసు విప్పి మాట్లాడటం'. భోజనం దగ్గర మాట్లాడితే మంచిదని సర్క్యులరులో ఉంది. గురువారం ఒంటిగంటకి శాంతంగారు సంచి తీసుకుని మెట్లు దిగబోతుంటే మేనేజరు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇవాళ మనిద్దరం ఎదురు హోటల్లో తింటున్నాం. కాదనకండి."

"ఇంకోరోజు సార్, ఇంటికెళ్ళాలి..."

"ఒక్కరోజుకి ఇల్లేం పారిపోదు లెండి!"

శాంతంగారు కాదనడం తెలియని మనిషి. ఫోను తీసి పక్కింటావిడకి చెయ్యబోయాడు, ఎవరూ ఎత్తలేదు. కూర్చున్నాడే గానీ కుర్చీ అంచున కూర్చున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయాడు. గోడగడియారాన్ని ఎన్నిసార్లు చూశాడో మేనేజరు లెక్కపెట్టాడు. పద్నాలుగు సార్లు.

మేనేజరు బల్ల కింద సర్క్యులరు చూసుకుంటూ అడిగాడు. "మీ కల ఏమిటండీ?"

"ఒంటిగంటకి ఇంటికెళ్ళడం సార్."

"అబ్బే, అది కాదు. అయిదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?"

శాంతంగారు గ్లాసును బల్ల మీద అటూ ఇటూ తిప్పాడు. "అయిదేళ్ళా? అంత దూరం చూడటం మానేశానండీ."

అంతలో ఆయన ఫోను మోగింది. "ఆఁ... ఎక్కడ? దెబ్బ తగిలిందా?" అన్నాడు. అంతే, చెయ్యి కూడా కడుక్కోకుండా రోడ్డు దాటి పరుగెత్తాడు. ఆ వయసు మనిషి అలా పరుగెత్తడం చూస్తే ఎవరికైనా ఏదో జరిగిందని తెలుస్తుంది. మేనేజరుకి కూడా తెలిసేదే, చేతిలో ఆ కాగితం లేకపోతే. 'మాట్లాడుతుంటే మధ్యలో లేచిపోవడం', టిక్కు.

పదకొండులో పదయ్యాయి. ఇక చిన్నా చితకా చర్యలతో పనయ్యేలా లేదు. ఆ సాయంత్రం మేనేజరు తలుపు వేసుకుని పెద్దాఫీసుకి నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. ఇటువంటి ఉద్యోగి కంపెనీకే ఆభరణమనీ, ఇంతకాలం గుర్తింపు లేకపోవడం అన్యాయమనీ, వెంటనే ప్రమోషను ఇవ్వకపోతే చేజారిపోతాడనీ రాశాడు. ఒక స్క్రూ పంపడానికి నాలుగు నెలలు తీసుకునే పెద్దాఫీసు శుక్రవారం మధ్యాహ్నానికే జవాబిచ్చింది. వినాశకాలానికి అన్నీ చకచకా జరిగిపోతాయి.

మేనేజరు అందరినీ పిలిచి నిలబెట్టి ఆ ఉత్తరం గట్టిగా చదివాడు. శాంతంగారికి ప్రమోషను. పెద్దాఫీసులో శిక్షణ విభాగం. ఒకటో తారీఖున చేరాలి. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరే ఊరు. కొత్తవాళ్ళకి ఫిర్యాదులు వినడం నేర్పాలి. అందరూ చప్పట్లు కొట్టారు, రేడియో ఈల కూడా వేసింది. శాంతంగారు కొత్త కుర్చీలో కూలబడ్డాడు. చక్రాల కుర్చీ కదా, అది ఆయనతో సహా వెనక్కి దొర్లి బీరువాకి కొట్టుకుంది.

"చాలా సంతోషం సార్" అన్నాడు. ఆ భాగం ప్రస్తుతం దొరకడం లేదని కస్టమర్లకి చెప్పేటప్పుడు వాడే గొంతు అది.

శనివారం పొద్దున మేనేజరు బల్ల మీద ఒక కవరు ఉంది. రెండు వాక్యాలు. ప్రమోషను స్వీకరించలేనివారు తప్పుకోవాలని నియమం ఉంది కాబట్టి, స్వంత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను. ఇంతకాలం ఆదరించినందుకు కృతజ్ఞుణ్ణి. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందని విన్నాడు గానీ, ఆ కోతి ఇంత గుండ్రటి అక్షరాలతో వచ్చి తన బల్ల మీద కూర్చుంటుందని మేనేజరు అనుకోలేదు.

శాంతంగారు ఆ రోజు రాలేదు. సాయంత్రం మేనేజరు ఫైలులో చిరునామా చూసుకుని బయల్దేరాడు. ఆఫీసు వెనక మూడు వీధుల అవతలే ఇల్లు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదన్న సంగతి తలుపు ముందు నిలబడ్డాకే ఆయనకి తట్టింది. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల ఇత్తడి గంట టింగుమంది.

"రండి, లోపలికి రండి. తలుపు దగ్గర నిలబడితే ఎలా?"

మేనేజరు గడప దాటి ఆగిపోయాడు. అది ముందుగది కాదు, సర్వీసు కేంద్రం. ఆయన ఆఫీసు ఎలా ఉంటుందో అలాగే ఉంది. బల్ల, దాని మీద రబ్బరు స్టాంపు, గులాబీరంగు చీటీల కట్ట, పాత నల్ల ఫోను, పెద్ద రిజిస్టరు. తీగతో కాలు కట్టిన కర్రకుర్చీ, అందులో పూల దిండు. ఆ కుర్చీలో ఒక పెద్దావిడ నిటారుగా కూర్చుని ఉంది. నున్నగా దువ్విన తెల్ల జుట్టు, మెడలో ఎప్పటిదో కంపెనీ గుర్తింపు కార్డు, చేతిలో కలం. మోకాలి దగ్గర చీర మీద ఎండిన మందు మరక.

"ముందు తిట్టేయండి" అంది ఆవిడ. "పేరు తర్వాత రాసుకుంటాను."

"తిట్టడం ఏమిటమ్మా?"

"మొహమాటపడకండి. అందరూ తిడతారు. ఆ కోపం ఉన్నంతసేపు అసలు లోపం ఏమిటో మీకూ తెలీదు, నాకూ తెలీదు."

మేనేజరు ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. ఆ గొంతులో ఏదో ఉంది. నిలబడి ఉన్నవాణ్ణి కూర్చోబెట్టే గొంతు. ఆయన ఎందుకు చెప్పాడో తెలియదు గానీ నిజమే చెప్పాడు.

"మా దగ్గర ఒకాయన ఉన్నాడమ్మా. మానేస్తానంటున్నాడు. తప్పు నాదే."

ఆవిడ చీటీ మీద రాసుకుంది. "ఎన్నేళ్ళు వాడారు?"

"ఇరవై ఆరేళ్ళు."

"వారంటీ దాటిపోయింది. అయినా చూద్దాం. చప్పుడేమైనా వచ్చేదా?"

"లేదమ్మా. ఎప్పుడూ చప్పుడు చెయ్యలేదు."

"చప్పుడు చెయ్యనివాటితోనే చిక్కు" అంది ఆవిడ, స్టాంపు కొడుతూ. "మనం బాగానే ఉందనుకుంటాం."

వంటింటి గుమ్మంలో శాంతంగారు నిలబడి ఉన్నాడు, భుజాన తువ్వాలుతో, చేతిలో పాలగిన్నెతో. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. నిజానికి దొంగతనం బయటపడింది మేనేజరుదే. ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళి స్టవ్వు పక్కన నిలబడ్డారు.

"మా ఆవిడ పంతొమ్మిదేళ్ళు మన కేంద్రంలోనే చేసింది సార్" అన్నాడు శాంతంగారు. "ఫోను ఆవిడదే. ఆ కుర్చీ ఆవిడదే. నేను పక్క బల్ల. తను రిటైరయ్యాక ఆ కుర్చీ నేను తీసుకున్నాను. రెండేళ్ళ నుంచి ఒక్కొక్కటీ మర్చిపోతోంది. వంట మర్చిపోయింది, చెల్లెలి పేరు మర్చిపోయింది. ఉద్యోగం మాత్రం మర్చిపోలేదు. తెల్లారగానే తయారై ఆఫీసుకి పోవాలని ఏడ్చేది. అందుకని ఆఫీసునే కొంచెం కొంచెంగా ఇక్కడికి తెచ్చేశాను."

"మరి మెట్ల దగ్గర ఆ ఫోను?"

శాంతంగారు సిగ్గుపడ్డాడు. "ఆఫీసన్నాక ఫోను మోగాలి కదండీ. రోజుకి రెండుసార్లు కస్టమరునై చేస్తాను. మెషిన్ తిరగడం లేదనీ, మూడు నెలలుగా చెప్తున్నాననీ. మర్యాదగా మాట్లాడితే రెండు నిమిషాల్లో పెట్టేస్తుంది సార్. తిడితే పావుగంట మాట్లాడుతుంది. ఓదారుస్తుంది. అప్పుడు అచ్చం పూర్వంలా ఉంటుంది గొంతు."

పాలు పొంగాయి. ఇద్దరూ చూడలేదు.

"గురువారం ఏం జరిగింది?" అని అడిగాడు మేనేజరు, జవాబంటే భయపడుతూ.

"రోజూ ఒంటిగంటకి వచ్చి తినిపిస్తాను. ఆ రోజు రాలేదు కదా, ఆఫీసు మూసేశారనుకుంది. రిజిస్టరు చంకన పెట్టుకుని బయల్దేరింది. కూడలి దగ్గర పడిపోయింది. పక్కింటావిడ చూసింది కాబట్టి సరిపోయింది."

"నాకొక్క మాట చెప్తే ఏమయ్యేది శాంతంగారూ?"

"చెప్తే జాలిపడతారు. అందరూ చూడటానికొస్తారు. జాలిపడితే మనిషి గొంతు మారిపోతుంది సార్, ఆవిడ ఇట్టే పట్టేస్తుంది. జీవితమంతా ఆ గొంతులే విన్న మనిషి." ఆయన స్టవ్వు ఆర్పి గుడ్డతో తుడిచాడు. "నన్నింకా గుర్తుపడుతుంది. అదొక్కటే నా అదృష్టం. ఇల్లు మారితే అదీ పోవచ్చన్నారు డాక్టరు. అందుకే వెళ్ళలేను. కానీ మానేసినా చిక్కే. నేనింట్లోనే కూర్చుంటే ఫోను ఎవరు చేస్తారు?"

"అంటే మీకు ఆఫీసులో అసంతృప్తి ఏమీ లేదా?"

శాంతంగారు ఆయనవైపు వింతగా చూశాడు. "అక్కడ కూర్చున్న ఆ కాసేపే కదండీ నేను మామూలు మనిషిని."

మేనేజరు ఆ వీధుల్లో నడుస్తూ ఏడ్చాడు. పదకొండు లక్షణాలు చూశాడు, మూడు వీధుల అవతల ఇల్లు చూడలేదు. ఒక మనిషి బాధను టిక్కులుగా లెక్కపెట్టాడు, కుర్చీ లాగేశాడు, ఒక పెద్దావిడ మోకాలు పగలగొట్టాడు, అన్నీ మంచి మనసుతోనే.

సోమవారం పొద్దున్నే పెద్దాఫీసుకి ఫోను చేసి ప్రమోషను రద్దు చెయ్యమన్నాడు. అవతల పెద్దసారు విసుక్కున్నాడు.

"ఇచ్చిన ప్రమోషను వెనక్కి తీసుకునే పద్ధతి లేదయ్యా. మనిషి పనికిరాడని నువ్వే రిపోర్టిస్తే తప్ప. నాలుగు పేజీలు పొగిడి నాలుగు రోజులు కాలేదు, ఏమిటిది?"

మేనేజరు జేబులోంచి సర్క్యులరు తీశాడు. గడులన్నీ నింపేశాడు. ఎవరితోనూ కలవడు, గడియారం చూస్తాడు, మాట మధ్యలో లేచిపోతాడు, ఆఫీసు వస్తువులు ఇంటికి చేరవేస్తాడు, ఫోనులో అరుస్తాడు. ఒక్క అబద్ధం కూడా రాయనక్కర్లేకపోయింది. పదకొండుకి పదకొండు. రేడియో ఆ రిపోర్టు టైపు చేస్తూ ముక్కు ఎగబీల్చింది. దానివల్ల శాంతంగారికి ఇక ఏ ప్రమోషనూ రాదు. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, "చాలా బాగా రాశారు సార్" అని సంతకం పెట్టి, తన రాజీనామా తనే చింపి బుట్టలో వేశాడు.

మళ్ళీ పెద్దాఫీసు ఆలస్యం చెయ్యలేదు. ఇంతటి అసంతృప్తుణ్ణి పెద్దాఫీసుకి రానివ్వడం ప్రమాదకరమనీ, కదపకుండా ఉన్నచోటే ఉంచి గమనిస్తూ ఉండాలనీ ఆజ్ఞాపించింది. లక్షణాలను సకాలంలో పసిగట్టిన మేనేజరుకి ఒక అభినందన పత్రం కూడా పంపింది. ఆయన దాన్ని సొరుగులో బోర్లా పెట్టాడు.

ఆ తర్వాత, గొంతులో జాలి వినిపించకూడదన్న షరతు మీద, ఫోను బాధ్యత ఆరుగురూ వంతులు వేసుకున్నారు. రేడియో కొత్త దుప్పటి చినిగిపోయిన అత్తగారై తిట్టేది. మెకానిక్కులు తమని తామే తిట్టుకునేవారు, ఆ మెకానిక్కు రాడు, వచ్చినా చెయ్యడు అని. ఆవిడ అందరినీ ఓదార్చి నంబర్లిచ్చేది. ఈ సంగతి ఆఫీసు గోడలు దాటలేదు. రేడియో జీవితంలో మొదటిసారి ఒక వార్తను కడుపులో దాచుకుంది. శాంతంగారు ఒంటిగంటకి వెళ్ళి రెండున్నరకి వచ్చేవాడు, ఎవరూ గడియారం చూసేవారు కాదు.

కొన్ని నెలలు అలా గడిచాయి. మెల్లగా ఆవిడ నంబర్లివ్వడం మానేసింది. తర్వాత మెషిన్ ఏదని అడగడం మానేసింది. ఎంత తిట్టినా "అలాగా, పాపం" అనేది, అంతే. ఒక బుధవారం పదకొండింటికి మేనేజరు వంతు వచ్చింది. ఫ్యాను గాలి రావడం లేదని ఆయన అలవాటుగా కేకలు వేశాడు. ఆవిడ అంతా విని, గొంతు తగ్గించి, ఎవరైనా వింటారేమోనన్నట్టు మాట్లాడింది.

"మీరు ఆఫీసువారేనా? నాదొక ఫిర్యాదు రాసుకుంటారా?"

"చెప్పండమ్మా."

"ఇక్కడ నా దగ్గర ఒక పెద్దాయన ఉంటున్నారు. అన్నం పెడతారు, జుట్టు దువ్వుతారు. చాలా మంచాయన, కోపమే లేదు. కానీ ఎవరి మనిషో ఏమో బాబూ. వాళ్ళింట్లో ఆవిడ ఎంత వెతుక్కుంటోందో. రాత్రిళ్ళు ఏడుస్తూ ఉంటారు. ఎవరినైనా పంపించి, ఆయన్ని వాళ్ళింటికి చేర్చండి."

మేనేజరు "అలాగేనమ్మా" అన్నాడు. ఫోను పెట్టేశాడు. ఎదురు బల్ల నుంచి శాంతంగారు తలెత్తి చూశాడు.

"ఏమంది సార్ ఇవాళ?"

"ఫిర్యాదు... ఆవిడే చేశారు."

"ఆవిడా! ఎప్పుడూ వినడమే గానీ, తన నోట ఫిర్యాదు నేనెన్నడూ వినలేదే" అని శాంతంగారు నవ్వాడు. "ఏమిటో చెప్పండి, ఎక్కిస్తాను."

మేనేజరు రిజిస్టరు తన ముందుకు లాక్కుని, ఆవిడ అన్న మాటలు అన్నట్టే రాసి, తిరిగి ఆయన ముందు పెట్టాడు. శాంతంగారు చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. కలం తీసుకుని ఎప్పటిలాగే గుండ్రటి అక్షరాలతో నంబరు వేశాడు. 'ఫిర్యాదుదారు' అన్నచోట ఆవిడ పేరు రాశాడు. 'హాజరు కావలసిన వ్యక్తి' అన్నచోట తన పేరు రాసుకున్నాడు. సంచి తీసుకుని మెట్లు దిగి వెళ్ళాడు.

నెలాఖరుకి పరిష్కారం కాని ఫిర్యాదు ఒకటి మిగిలిపోయిందని పెద్దాఫీసు మేనేజరుని సంజాయిషీ అడిగింది.